గడప పట్టిన మనిషి

రంగన్న జోలెలో బియ్యం పోయమని ఉపాయం చెప్పింది నేనే. ముందే ఒప్పుకుంటున్నాను. ఊళ్ళో ఇప్పుడు ఆ ఉపాయం రామాంజిదని కొందరు, ఎవరో వకీలుదని కొందరు అంటున్నారు. వాళ్ళకు అంత తెలివి లేదు. మా అవ్వ చెప్పిన ఒక పాత మాట తెలిసినవాడికే అది తోస్తుంది. ఆ మాట తెలిసినవాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే.

నా పేరు శేషన్న. రామకృష్ణ సారు దగ్గర పదకొండేళ్ళు డ్రైవరుగా చేశాను. సారు వాళ్ళది పాతకాలం నుంచి సేద్యం ఇల్లు. ఓర్వకల్లు చుట్టుపక్కల భూములకు గిరాకీ వచ్చాక సేద్యం వదిలేసి, గుట్ట కింద కంకర మిషను పెట్టారు. గుట్టను పేల్చి, రాయిని నలిపి, కంకర చేసి రోడ్లకు తోలడం పని. ఊరి నడుమ కొత్త మేడ కట్టారు. మేడకు మనిషిన్నర ఎత్తు ఇనుప గేటు. జరిగిందాంట్లో సగం ఆ గేటు ముందే జరిగింది.

రంగన్న వాళ్ళు పెద్దమ్మలోళ్ళు. భార్య గంగక్క నెత్తిన దేవర పెట్టె పెట్టుకుని, చంకలో డోలును వంకర పుల్లతో గుర్రుగుర్రుమనిపిస్తూ ముందు నడుస్తుంది. రంగన్న నడుముకు రంగురంగుల గుడ్డపాతలు చుట్టుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, నడుం దాకా జడలు వేలాడుతుంటే వెనక వస్తాడు. చేతిలో నారతో పేనిన కొరడా. దాన్ని గాలిలో తిప్పి తన వీపు మీద తనే వేసుకుంటాడు. ఆ చప్పుడుకు కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయి. ఇంటావిడ చేటలో గింజలు తెచ్చి మెడలోని జోలెలో పోస్తే, చల్లగా ఉండండని దీవించి ఇంకో గడపకు పోతాడు. వాళ్ళ తాతదీ అదే పని, నాయనదీ అదే పని. కొడుకు చంద్ర మాత్రం ఆ కొరడా ముట్టలేదు. "నన్ను నేనే కొట్టుకుని తినాల్నా నాయనా, నాకొద్దు" అని సారు మిషన్లో పనికి చేరాడు. ఇరవై ఆరేళ్ళవాడు. పెళ్ళి కూడా కుదిరింది.

చంద్రను ఆ మిషనే తినింది. నలిగిన రాయిని పైకి మోసుకుపోయే రబ్బరు పట్టా ఒకటుంటుంది. దాని కింద రాయి ఇరుక్కుంటే మిషను ఆపి తియ్యాలి. ఆపారు. చంద్ర పట్టా కిందికి దూరాడు. సూపర్‌వైజరు రామాంజి సెల్లులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ, లోపల మనిషున్నాడన్న సంగతే మరచిపోయి స్విచ్చి వేశాడు. నేను సారును తీసుకొచ్చి అక్కడే నిలబడి ఉన్నాను. అరుపు వినపడలేదు. ఆ మోతలో ఎవరి అరుపు వినపడుతుంది? పట్టా ఒకసారి తడబడి, బరువు లాగలేనట్టు మూలిగి, మళ్ళీ తిరిగింది. తర్వాత పైకి వచ్చిన కంకర ఎర్రగా ఉంది.

సారు నోరు తెరిచి మాట్లాడిందంతా వాణ్ణి అక్కడి నుంచి ఎట్లా తీసెయ్యాలన్న పని గురించే. నేనూ రామాంజీ చంద్రను టార్పాలిన్‌లో చుట్టి బొలెరో వెనక వేశాం. చెయ్యి ఒకటి బయటికి వేలాడుతుంటే నేనే లోపలికి మడిచాను. వాడి బైకును టిప్పర్లోకి ఎత్తించాం. పొద్దుగూకే వేళ, జోరువానలో, నంద్యాల రోడ్డు మీద విమానాశ్రయం మలుపు దాటాక వాణ్ణి తారు మీద పడుకోబెట్టి, పక్కనే బైకును పడేసి టిప్పరుతో తొక్కించాం. గుర్తు తెలియని వాహనం ఢీకొని యువకుడి మృతి అని పేపర్లో నాలుగు లైన్లు వచ్చింది. నేను ఆ రోజు ఇంటికి పోయి తల మీద నీళ్ళు పోసుకుని అన్నం తిన్నాను. కడుపు నిండా తిన్నాను. నా మీద నాకు మొదట అసహ్యం పుట్టింది దానికే.

రోడ్డు ప్రమాదమని ఊరంతా నమ్మింది, రంగన్న తప్ప. శవానికి నీళ్ళు పోసేటప్పుడు ఆయన కొడుకును బోర్లా తిప్పాడు. వీపు మీద అడ్డంగా, వరసగా, బెత్తెడు బెత్తెడు ఎడంలో వాతలున్నాయి. నలభై ఏళ్ళు వీపు మీద వాతలు మోసిన మనిషి ఆయన. ఏ దెబ్బకు తోలు ఎట్లా లేస్తుందో పోస్టుమార్టం చేసిన డాక్టరు కన్నా ఆయనకే బాగా తెలుసు. "ఇది రోడ్డు గీకిన తోలు గాదు. పట్టా పడిన తోలు" అన్నాడు. ముక్కులోంచి, చెవుల్లోంచి కడిగేకొద్దీ తెల్లటి రాతి పిండి వచ్చింది. గంగక్క స్టేషనుకు పోయి ఇదంతా చెబితే, కాగితాలు రాసేశాం, ఇంక పో అన్నారు.

చంద్ర దినం అయిన మర్నాడు పొద్దున్నే రంగన్న సారు గేటు ముందుకు వచ్చాడు. మెడలో జోలె ఉంది గానీ, దాని మూతిని పసుపు తాడుతో బిగించి కట్టేశాడు. అది చూడగానే నాకు అవ్వ మాట గుర్తొచ్చింది.

మా అవ్వ చెప్పేది. పెద్దమ్మలోళ్ళకు ఎవరైనా తీరని అన్యాయం చేస్తే, వాళ్ళు ఆ ఇంటి గడప పడతారు. తొమ్మిది పొద్దులు ఆ వాకిలి ముందు నిలబడి కొట్టుకుంటారు. ఒక్కో దెబ్బకు ఒక్కోసారి, ఆ ఇంటివాడు చేసిన పని ఊరంతా వినేటట్టు చెబుతారు. ఆ ఇంటి నీళ్ళు కూడా ముట్టరు. తొమ్మిదో పొద్దు లోపల ఇంటివాడు గడప దాటి వచ్చి, అవును చేశానని నలుగురిలో ఒప్పుకోవాలి. అంతకు మించి వాళ్ళకేమీ అక్కర్లేదు. ఒప్పుకోకపోతే ఏమవుతుందవ్వా అంటే, "ఒప్పుకోనోన్ని నేను సూళ్ళేదు నాయనా" అనేది. ఇంకొకటి కూడా చెప్పేది. ఆ ఇంటి గింజ ఒక్కటి జోలెలో పడినా పట్టు తెగిపోతుంది. గింజ తీసుకున్న ఇంటిని తిట్టకూడదు. దీవించి లేచిపోవాలి. ఇంకెప్పుడూ ఆ గడప ముందు నోరెత్తకూడదు.

అవ్వ చచ్చిపోయి ఇరవై ఏళ్ళయింది. ఆ ఆఖరి మాటను కూడా తనతో తీసుకుపోయి ఉంటే ఎంత బాగుండేది.

రంగన్న కొరడా తిప్పాడు. గింజల కోసం కొట్టుకునే దెబ్బలో చప్పుడు ఎక్కువ, తగిలేది తక్కువ. అది వాళ్ళ పనితనం. ఆ రోజు చప్పుడు తక్కువగా ఉంది. మూడో దెబ్బకే వీపు చిట్లి, నెత్తురు నడుముకు చుట్టిన పాతల్లోకి దిగింది.

"రామకృష్ణప్పా, నా కొడుకు నీ మిషన్లో సచ్చిపాయ. రోడ్డు మింద గాదు. నీ దుడ్లు నాకొద్దు. నీ గింజలు నాకొద్దు. గేటు బయటికొచ్చి అవునని ఒక్క మాట చెప్పు" అన్నాడు. మళ్ళీ కొట్టుకున్నాడు. మళ్ళీ అదే మాట. తొమ్మిది దెబ్బలు, తొమ్మిది సార్లు. పక్కన గంగక్క డోలు ఆగలేదు.

"తోలు వానిదే గదా, కొట్టుకోనీలే" అన్నాడు సారు మేడ మీద నుంచి. అనేసి కాఫీ గ్లాసుతో లోపలికి పోయాడు. రెండో పొద్దుకు ఊరి జనం చేరారు. మూడో పొద్దుకు పక్క ఊళ్ళ నుంచి బైకుల మీద వచ్చి సెల్లుల్లో వీడియోలు పట్టుకుపోయారు. కంకర మిషన్లో కూలీలు ఆరుగురు పనికి రాలేదు. అప్పుడు సారు పోలీసులకు ఫోను చేశాడు.

ఎస్సై జీపు దిగి నవ్వాడు. "ఏం రంగన్నా, అడుక్కుతినేవానికి అరవై ఊళ్ళంట. నీకీ ఒక్క గేటే దొరికిందా? బహిరంగంగా బిచ్చమెత్తడం నేరం, తెల్దా? ఒంటి మీద గాయాలు చూపించి ఎత్తితే ఇంకా నేరం."

"నేనేం అడిగితి సారూ?" అన్నాడు రంగన్న. "నా కొడుకు యాడ సచ్చిపాయనో చెప్తాండా."

కానిస్టేబులు కొరడా పట్టిన చేతి మీద లాఠీతో కొట్టాడు. వదల్లేదు. రెండోసారి మణికట్టు మీద కొట్టాడు. అప్పుడూ వదల్లేదు. మూడో దెబ్బకు వేళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి. జడలు పట్టుకుని జీపులోకి ఈడ్చారు. గంగక్క జీపుకు అడ్డంగా పడుకుంటే ఒకడు బూటుకాలితో ఆమె మోకాలు తొక్కి పక్కకు తోశాడు. ఆమె ఇప్పటికీ ఆ కాలు ఈడుస్తుంది.

కోర్టులో ఏం జరుగుతుందో విని రమ్మని సారు నన్ను పంపాడు. రంగన్న తరఫున శివజ్యోతి అనే లాయరమ్మ నిలబడింది. మా ఊరి ఆడబిడ్డ కూతురు, వయసు ముప్పై ఉండదు, మాట మాత్రం మేకు దిగినట్టు దిగుతుంది. "చట్టం ఆపమన్నది అడుక్కోవడాన్ని. ఈయన ఏమడిగాడు? జోలె మూతి కట్టేసి ఉంది చూడండి. తన కొడుకు ఎట్లా చనిపోయాడో వీధిలో నిలబడి చెబుతున్నాడు. ఆ చెప్పే హక్కు రాజ్యాంగం అందరికీ ఇచ్చింది. జోలె ఉన్నవాడికి లేదని ఎక్కడా రాయలేదు" అంది. మేజిస్ట్రేటు మేడం ఆ పసుపు తాడును తెప్పించుకుని చూసింది. ఏమీ అడగనివాడు, ఏమీ తీసుకోనివాడు బిచ్చగాడు కాడని చెప్పి వదిలేసింది. కోర్టు బయట గంగక్క లాయరమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. నాకు లోపల ఎక్కడో సంతోషం కలిగింది. ఇది అబద్ధం కాదు.

ఆ సంతోషం ఒక్క రోజు కూడా నిలవలేదు. మర్నాడు రంగన్న మళ్ళీ గేటు ముందుకొచ్చాడు. కుడి మణికట్టు కుండలా వాచి ఉంటే ఎడమ చేత్తో కొట్టుకున్నాడు. ఆఖరి దెబ్బ తర్వాత ఎప్పుడూ చెప్పే మాట చెప్పి, ఆగి, "మోసినోళ్ళు గూడా ఉండారు. వాళ్ళ గడపలు గూడా నాకు తెలుసు" అన్నాడు. పనికి రాని కూలీల్లో ఎవరో చెప్పి ఉండాలి. నేను కారు తుడుస్తున్నాను. ఆయన నన్ను చూశాడో లేదో నాకు తెలియదు. చూశాడనే అనుకున్నాను. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాను.

సాయంత్రం కార్లో సారు తల పట్టుకున్నాడు. "అడుక్కుంటే లోపలెయ్యొచ్చంట, మాట్లాడితే ఎయ్యలేరంట. ఇదేం చట్టమప్పా! వాన్ని బిచ్చగాన్ని చేసేదెట్ల?"

నేను చెప్పాను. అవ్వ మాట మొత్తం, ఆఖరిది కూడా. ఉప్పు తిన్న ఇంటి మీద విశ్వాసమని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. విశ్వాసమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. భయం. తర్వాతి గడప నాదవుతుందని భయం. సారు నా భుజం తట్టాడు.

ఆరో పొద్దు గేటు తెరుచుకుంది. కొరడా ఎత్తిన రంగన్న ఆగిపోయాడు. గంగక్క డోలు ఆపింది. జనం ముందుకు జరిగారు. సారు వస్తున్నాడనుకున్నారందరూ, ఒప్పుకోవడానికి వస్తున్నాడని. రంగన్న కొరడా కిందికి దించి, కళ్ళలో పడిన జడలు వెనక్కి తోసుకుని, సరిగ్గా నిలబడ్డాడు. పెద్దమనిషి మాట వినేటప్పుడు నిలబడే తీరు అది. ఆ మొహంలో ఆశ చూశాను నేను. ఆ ఒక్క క్షణంలో నేను అడ్డం పోవచ్చు. పోలేదు.

రామాంజీ ఇంకో నలుగురూ ఉరికి వచ్చి ఆయన మీద పడ్డారు. ఇద్దరు చేతులు వెనక్కి విరిచారు. ఆయన పెనుగులాడాడు, ఆ ముసలి ఒంట్లో అంత బలం ఉందనుకోలేదు. రామాంజి కుడిచేతిని ఇంకో మలుపు తిప్పాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడయింది. భుజం జారి చెయ్యి గుడ్డపేలికలా వేలాడింది. గంగక్క డోలు పుల్లతో రామాంజి మొహం మీద కొట్టింది. కనుబొమ్మ చీలింది. వాడు ఆమెను కడుపులో తన్ని, కిందపడిన డోలు మీదికెక్కి తొక్కాడు. తోలు పగిలింది. జనంలో నుంచి ఒకడు ముందుకు రాబోతే పార కామ కట్టెతో నెత్తిన వేశారు. మిగతావాళ్ళు వెనక్కి తగ్గారు.

నా పని వేరే. జోలె తాడు కోసి, మూతి తెరిచి పట్టుకోవాలి. కత్తి తాడుతో పాటు నా బొటనవేలు కూడా కోసింది. రంగన్న మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. ఆయన నోట్లోంచి నురగ వస్తోంది. "వద్దప్పా శేషన్నా" అన్నాడు. "వద్దప్పా." బతిమాలాడు. ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక నిజంగా అడుక్కున్నది అదొక్కసారే అనుకుంటాను, అదీ నన్ను.

సారు భార్య కృష్ణవేణమ్మను బియ్యం చేటతో తీసుకొచ్చారు. గడప పట్టినవాడికి ఇంటి ఇల్లాలే గింజ వెయ్యాలని నేనే చెప్పాను. ఆమెకేమీ తెలియదు. ఆ నెత్తురు చూసి వణికిపోయింది. సగం బియ్యం మట్టిలో పడ్డాయి, సగం జోలెలో పడ్డాయి. అప్పుడు రామాంజి వాళ్ళు రంగన్నను వదిలేసి పక్కకు తప్పుకున్నారు. సారు కొడుకు భూపేష్ మేడ మెట్ల మీద సెల్లు పట్టుకుని ఉన్నాడు. మనుషులు తప్పుకున్నాకే వాడు తీయడం మొదలుపెట్టాడు. ఇల్లాలి చేతిలో చేట, ముందు తెరిచిన జోలె, జోలె ముందు ముసలివాడు. అంతే పడింది అందులో.

రంగన్న జోలెలోకి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. పారిపోతాడని గానీ, తిడతాడని గానీ, కొరడాతో ఎవరినైనా కొడతాడని గానీ అనుకున్నాం. ఆయన జారిన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తడానికి చూశాడు. లేవలేదు. ఎడమచెయ్యే ఎత్తాడు.

"గింజ పడె" అన్నాడు. "ఈ ఇల్లు సల్లగుండాల. ఈ తల్లి పసుపు కుంకుమ సల్లగుండాల." మెట్ల మీద భూపేష్‌ను వెతికి చూసి, "ఈ ఇంటి బిడ్డ వెయ్యేండ్లు బతకాల" అన్నాడు.

కృష్ణవేణమ్మ చేట పారేసి లోపలికి పరుగెత్తింది. రామాంజి నవ్వాడు. రంగన్న తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి.

రంగన్నను మళ్ళీ పట్టుకుపోవడానికి పోలీసులకు ఆ వీడియో చాలింది. బిచ్చం తీసుకున్నాడు, దీవించాడు, ఇంకేం కావాలి? ఈసారి కోర్టులో నన్ను సాక్షిగా నిలబెట్టారు. అడిగాడా అని మేడం అడిగింది. అడిగినాడు మేడం అన్నాను. బలవంతంగా పోశారా అని అడిగింది. లేదు మేడం అన్నాను. రామాంజి కూడా అదే చెప్పాడు, మిగతా నలుగురూ అదే చెప్పారు. జనంలో నుంచి ఒక్కడూ రాలేదు, పార కామ దెబ్బ తిన్నవాడు ఆస్పత్రిలో ఉన్నాడు. శివజ్యోతి నా కళ్ళలోకి చూస్తూ "నీ వేలికి కట్టు ఎందుకు?" అని అడిగింది. కారు డోరు పడిందన్నాను.

రంగన్నను అడిగితే ఆయన దాచలేదు. "బలవంతంగానే పోసినారు తల్లీ. పోసినా పడింది పడినట్లే. ఇంక ఆ గడప ముందర నేను మాట్లాడకూడదు" అన్నాడు. లాయరమ్మ తల పట్టుకుంది. ఎవరూ బలపరచని మాట కాగితంలో నిలవలేదు. విచారణ ముగిసేవరకు ఆయన్ను బిచ్చగాళ్ళ హోములో పెట్టమన్నారు. నా ఉపాయం గెలిచింది. సారు ఆ రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టించాడు.

హోములో పేలు పడతాయని అందరికీ గుండు కొడతారట. రంగన్న జడలు ఆయనవి కావు, దేవరవి. పుట్టినప్పటి నుంచి కత్తెర తగల్లేదు. వద్దని కాళ్ళావేళ్ళా పడ్డాడట. ముగ్గురు మీద కూర్చుని గీకారు. పెనుగులాటలో నెత్తి మూడు చోట్ల తెగింది. ఆ పూట నుంచి ఆయన మాట్లాడటం మానేశాడు. గంగక్క చూడటానికి పోతే కూడా నోరు తెరవలేదు. పేరు పెట్టి పిలిచినా, చంద్ర పేరు చెప్పినా గోడకేసి చూశాడు. కొడుకు పోయిన సంగతి ఊరికంతా చెప్పిన నోరు అది. దాన్ని మూయించింది లాఠీ కాదు, జైలు కాదు, నేను.

ఇది నాకు ఎట్లా తెలుసంటే, గంగక్కే చెప్పింది. మా ఇంటి ముందు నిలబడి చెప్పింది.

ఆదివారం, పొద్దున పది గంటలు. మా ఆవిడ నాగలత వాకిట్లో బియ్యం చెరుగుతోంది. గంగక్క కాలు ఈడ్చుకుంటూ వచ్చి గడపకు నాలుగడుగుల దూరంలో ఆగింది. నెత్తిన పెట్టె లేదు, డోలు లేదు. మెడలో మొగుడి జోలె ఉంది, మూతికి కొత్త తాడు ఉంది. చేతిలో ఆయన కొరడా ఉంది. వాళ్ళలో ఆడది కొరడా పట్టడం నేనెన్నడూ చూడలేదు.

"శేషన్నా" అని పిలిచింది. "ఆ గడప తెగిపాయ. ఈ గడప ఉండాది."

ఆమెకు కొట్టుకోవడం రాదు. కొరడా వీపు మీద పడకుండా మెడ చుట్టూ తిరిగి చెంప మీద పడింది. చెవి తమ్మె చీలి రవిక మీదికి నెత్తురు కారింది. "నా కొడుకును మిషన్ కాడ్నుంచి రోడ్డు మిందికి మోసింది నువ్వు" అంది. రెండో దెబ్బ కంటి కింద పడింది. "నా మొగుని జోలె కోసింది నువ్వు." వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. మూడో దెబ్బ. "కోర్టులో అబద్ధం చెప్పింది నువ్వు. ఆయప్ప నోరు పడిపాయ. ఇంగ నా నోరు ఉండాది. అవునని చెప్పు."

నాగలత చెరగడం ఆపి నా వంక చూసింది. "ఏమంటాంది ఈమె? మోసినావా నువ్వు?" అంది. ఆమెకు నేను ఏ ఒక్కటీ చెప్పలేదు.

దాచను. నాగలత చేతిలోని చేట లాక్కున్నాను. చేటలో బియ్యం ఉన్నాయి. గంగక్క ఆడమనిషి, ఒంటరిది, కాలు కుంటిది. ఒక్క చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో పోస్తే అయిపోతుంది, కోర్టుకు కావలసింది కూడా దొరుకుతుంది. ఇది నాలో నేను అనుకున్న మాట, ఎవరూ నేర్పలేదు. గడప దాటాను. నాలుగడుగులు వేశాను.

గంగక్క వెనక్కి జరగలేదు. చేటను చూసింది. కొరడాను చంకలో పెట్టుకుని, రెండు చేతులతో జోలె తాడు తనే విప్పింది. మూతి తెరిచి నా ముందు పట్టింది.

"పొయ్యి" అంది. "పొయ్యప్పా. నిన్ను గూడా దీవిస్తా. నీ బిడ్డల్ని గూడా దీవిస్తా."

చెంప మీది నెత్తురు చుక్కలు చుక్కలుగా జోలె అంచు మీద పడుతున్నాయి. ఆమె కోపంగా చెప్పలేదు. నిజంగానే దీవిస్తుంది. నా బిడ్డలు ఆ దీవెనతో లేచి, తిరిగి, పెళ్ళిళ్ళు చేసుకుని బతుకుతారు. ఆ ఊహకు నా చేతులు పట్టు తప్పాయి. చేట నా కాళ్ళ మీద పడి బియ్యం మట్టిలో కలిశాయి. జోలెలో ఒక్క గింజ పడలేదు.

"అవును" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "అవును గంగక్కా. చంద్ర మిషన్లో పోయినాడు. నేనే మోసినా. నేనే రోడ్డు మింద పండబెట్టినా. రంగన్న అడగలేదు, మేమే చేతులు ఇరిచి పోసినాం."

గంగక్క జోలె మూతి మళ్ళీ కట్టుకుంది. కొరడా చేతిలోకి తీసుకుంది.

"వీధి చివర్నోళ్ళకు వినపడల్యా" అంది. "మళ్ళా చెప్పు."

మళ్ళీ చెప్పాను, గట్టిగా. ఎవరు ఫోను చేశారో, నేను సగంలో ఉండగానే రామాంజి బైకు వచ్చి ఆగింది. వాడు దిగి, ఏమీ మాట్లాడకుండా, నా నోటి మీద గుద్దాడు. కింద పడ్డాను. నోట్లో రెండు పళ్ళు ఊడి నాలుక మీదికి వచ్చాయి. నాగలత అడ్డం వచ్చింది. ఎదురింటివాళ్ళు వచ్చారు, పక్కింటివాళ్ళు వచ్చారు. గేటు దగ్గర వెనక్కి తగ్గిన వాళ్ళలో ఇద్దరు రామాంజి చేతులు పట్టుకున్నారు. సెల్లులు లేచాయి. లేచి కూర్చుని, నెత్తురు ఉమ్మేసి, మూడోసారి చెప్పాను. పళ్ళు లేక మాట సరిగ్గా పలకలేదు.

గంగక్క నా పక్కన మట్టిలో కూర్చుని, కొంగుతో నా నోరు తుడిచింది.

"ఇంగోసారి చెప్పు నాయనా" అంది. "నిదానంగా చెప్పు."